లంకెబిందెలు

మా బేస్తవారిపేట ప్రాంతంలో లంకెబిందెల కథ వినకుండా పెరిగిన పిల్లవాడు ఉండడు. పాడుబడిన గోడల కింద, పూడిపోయిన బావుల అడుగున, గొలుసుతో ఒకదానికొకటి తగిలించిన బిందెల నిండా బంగారం ఉంటుందనీ, ఒక బిందెను పైకి లాగితే రెండవది దానంతట అదే వెంట వస్తుందనీ పెద్దలు చెప్పేవారు. ఆ బిందెలు ఎవరికైనా దొరకగా నేను చూడలేదు. కాని ఆ మాటలోని 'లంకె' మాత్రం ఎన్నో ఏళ్ళ తరువాత, అనుకోని చోట నాకు ఎదురయింది. అంతర్జాలంలో ఒక పుటనుండి మరొక పుటకు తీసుకుపోయే ముడిని మనవాళ్ళు లింకు అన్నారు, లంకె అని కూడా అన్నారు. రెండు మాటల ధ్వని దగ్గరగా ఉండడం కాకతాళీయమే కావచ్చు. అర్థం మాత్రం చక్కగా కుదిరింది.

ఈ వ్యాసం ఆ లంకెల చరిత్రను గురించి. ఒకే గూటిలోని పుటల నడుమ ఉండే లంకెలు కావు నేను చెప్పబోయేవి. వేర్వేరు మనుషులు వేర్వేరు పనులకోసం నడుపుకొనే వికీల నడుమ, ఆ వికీలకూ సాఫ్ట్‌వేరు దోషాలు రాసుకొనే చిట్టాలకూ నడుమ వేసిన లంకెలు. ఇది కంప్యూటరు ఇంజనీర్లకు మాత్రమే పట్టిన సంగతి కదా అని పాఠకులు పుట తిప్పివేయవద్దని మనవి. ఆ లంకెల మూలంగా నేను కొంత సంపాదించుకున్నాను, కొంత పోగొట్టుకున్నాను. పోగొట్టుకున్నది నా సొంత సొమ్ము కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

2007 వేసవిలో హైదరాబాదునుండి సెలవుకు ఇంటికి వచ్చి, మా అయ్యవారిని చూడబోయాను. చిన్నతనంలో నాకు ఓనమాలు దిద్దించిన ఆయన, ఉద్యోగ విరమణ తరువాత చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ముసలివాళ్ళను కూర్చోబెట్టుకొని, ఏ బావి ఎవరు తవ్వించారో, ఏ సత్రం ఎవరు కట్టించారో, ఏ కరవులో ఎవరు ఏ దిక్కుకు తరలిపోయారో రెండు పొడుగాటి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. "నాయనా, అచ్చు వేయించే స్తోమత నాకు లేదు. నీ కంప్యూటరులోకి ఎక్కించగలవేమో చూడు" అని ఆ పుస్తకాలు నా చేతికిచ్చారు. నేను లేఖినిలో కూర్చుని కొన్ని నెలలపాటు టైపు చేశాను. ఉచితంగా చోటిచ్చే ఒక గూటిలో వాటిని పుటలుగా పెట్టాను. తెలుగు వికీపీడియాలో మా ఊరి పుట అడుగున, 'బయటి లింకులు' అన్న శీర్షిక కింద ఒక లంకె వేశాను. నోటుపుస్తకాలు అయ్యవారికి తిరిగి ఇచ్చేశాను. పని పూర్తయిందనుకున్నాను. అది ఎంత పొరపాటో చివర చెబుతాను. ముందు ఆ లంకె అన్న వస్తువు ఎక్కడినుండి వచ్చిందో చూద్దాం.

వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1995 మార్చి 25న మొదటి వికీని లోకానికి తెరిచాడు. ఎవరైనా వచ్చి రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మార్కాపురం పలక వంటిదన్నమాట. ఒక్కటే తేడా. పలకమీద తుడిచింది పోతుంది, వికీలో తుడిచింది దిద్దుబాటు చరిత్రలో మిగిలి ఉండవచ్చు. (మొదటి వికీకి ఆ గుణం పూర్తిగా లేదు. తరువాతి వికీలు దానిని అలవరచుకున్నాయి.) ఆ వికీని చూసి ఇతరులు తమ తమ వికీలు పెట్టుకున్నారు. అప్పుడొక చిక్కు పుట్టింది. ఒక వికీ లోపల లంకె వేయడం సులువు, పుట పేరు రాస్తే చాలు. పక్క వికీలోని పుటకు దారి చూపాలంటే మాత్రం బారెడు చిరునామా అక్షరం పొల్లుపోకుండా రాయాలి. రేపు ఆ పక్క వికీ ఇల్లు మారితే, దానిని చూపుతున్న లంకెలన్నీ ఒక్కసారిగా చచ్చిపోతాయి.

దీనికి విరుగుడుగా పుట్టిందే 'ఇంటర్‌వికీ' అనే ఏర్పాటు. క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్‌వికీ అనే సాఫ్ట్‌వేరులో అది స్పష్టమైన రూపం తీసుకుంది. ఉపాయం చాలా చిన్నది. ప్రతి వికీకి ఒక పొట్టి పేరు పెట్టారు. ఏ పొట్టి పేరు ఏ చిరునామాను సూచిస్తుందో ఒక పట్టీలో రాశారు. వ్యాసం రాసేవాడు పొట్టి పేరు, ఒక కోలన్ గుర్తు, ఆపై పుట పేరు రాస్తే చాలు. మిగిలిన చిరునామాను పట్టీ పూరిస్తుంది. పక్క వికీ ఇల్లు మారితే పట్టీలో ఒక్క పంక్తి మారుస్తారు, వేల లంకెలు మళ్ళీ ప్రాణం పోసుకుంటాయి. 2001 జనవరి 15న పుట్టిన వికీపీడియా మొదటి ఏడాది ఈ యూజ్‌మాడ్‌వికీ మీదనే నడిచింది. అది తరువాత మీడియావికీ అనే సొంత సాఫ్ట్‌వేరుకు మారినా, ఈ పొట్టి పేర్ల పద్ధతిని మాత్రం వెంట తీసుకుపోయింది. నేటికీ మెటా-వికీలో ఆ పట్టీ ఉంది.

ఈ పద్ధతి మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. శాసనాలు చదివేవారిని అడగండి. ఒక రాతిమీది శాసనానికి ప్రభుత్వ శాసనశాఖ వార్షిక నివేదికలో ఒక సంఖ్య ఉంటుంది. అదే శాసనం 1948లో వెలువడిన దక్షిణ భారత శాసనాల పదవ సంపుటంలోకి, అంటే తెలుగు శాసనాల సంపుటంలోకి, ఎక్కి ఉంటే అక్కడ మరొక సంఖ్య ఉంటుంది. సంపాదకులు రెండవ సంఖ్య పక్కన మొదటి దానిని, అది ఏ సంవత్సరపు నివేదికలోనిదో కూడా చేర్చి వేశారు. ఆ చిన్న పంక్తి లేకపోతే రెండు పుస్తకాల్లో ఉన్న రెండు శాసనాలు నిజానికి ఒకే రాతిమీదివని గుర్తుపట్టడానికి ఎంత శ్రమ పడాలో ఊహించుకోవచ్చు. వేర్వేరు కార్యాలయాలు ఒకే వస్తువుకు వేర్వేరు సంఖ్యలు ఇస్తాయి. ఆ సంఖ్యలను పక్కపక్కన రాసి ఉంచడమే పండితుడు చేసే సేవ. ఇంటర్‌వికీ చేసింది కూడా అదే.

ఇక తెలుగు సంగతి. వెన్న నాగార్జున గారి చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయింది. తొలి రోజుల్లో కంప్యూటరులో తెలుగు రాయడమే గగనంగా ఉండేది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక మావంటి వారికి చేతులు వచ్చినట్లయింది. రాష్ట్రంలోని మండలాలకు, గ్రామాలకు పుటలు సృష్టించే పనిని వికీపీడియన్లు తలకెత్తుకున్నారు. వాటిలో అనేకం రెండు మూడు వాక్యాల 'మొలకలు'. మా ఊరి పుట కూడా నేను చూసేసరికి మొలకే.

అక్కడే నాకు మొదటి పాఠం దొరికింది. మా ఊరి పేరును ఒకరు రాసినట్లు మరొకరు రాయరు. బేస్తవారిపేట అంటారు, బేస్తవారపేట అంటారు, బెస్తవారిపేట అంటారు. మా వైపు గురువారాన్ని బేస్తవారం అంటారు, బృహస్పతివారం అరిగిపోయి అయిన మాట అది. మా పెద్దలు ఊరి పేరును ఆ వారంతో ముడిపెట్టేవారు. దీర్ఘం తీసేసి 'బెస్త' అని రాస్తే చేపలు పట్టేవారి పేట అవుతుంది. ఒక్క దీర్ఘంతో ఊరి కథే మారిపోతోంది. ఇంగ్లీషులో రాసినప్పుడు ఆ తేడా కూడా కనిపించదు. మనిషి ఈ మూడింటినీ చూసి ఒకటే ఊరని గ్రహిస్తాడు. యంత్రానికి అవి మూడు వేర్వేరు ఊళ్ళు. అందుకని వికీలో 'దారిమార్పు' అనే పుటలు పెడతారు. తప్పు పేరుతో వచ్చినవాడిని కూడా నొప్పించకుండా సరైన పుటకు చేర్చడం వాటి పని. ఒక వికీ లోపల ఈ సౌకర్యం ఉంది. పది వికీల నడుమ మాటేమిటి?

ఆ రోజుల్లో ఒక భాష వికీపీడియానుండి మరొక భాషకు పోయే లంకెలను ప్రతి పుట అడుగునా విడివిడిగా రాసేవారు. లెక్క కట్టి చూడండి. ఒక విషయంమీద పది భాషల్లో పుటలుంటే, ఒక్కొక్క పుటలో మిగిలిన తొమ్మిదింటికి లంకెలుండాలి. మొత్తం తొంభై. పదకొండవ భాష వచ్చి చేరితే నూట పది. ఇంత పని మనుషుల వల్ల కాదని బాట్లు అనే స్వయంచాలక ప్రోగ్రాములను ఉసికొల్పారు. అవి రాత్రింబవళ్ళు తిరిగి ఒక చోట ఉన్న లంకెను మిగిలిన చోట్లకు మోసేవి. ఒప్పును ఎంత వేగంగా మోస్తాయో తప్పునూ అంతే వేగంగా మోస్తాయి.

మా కంభం సంగతే తీసుకోండి. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన పెద్ద చెరువు ఉన్న కంభం మా పొరుగూరు. ఇంగ్లీషులో దానిని ఏ ఆరు అక్షరాలతో రాస్తారో, తమిళనాడులో తేని జిల్లాలోని కంబం పట్టణాన్ని కూడా అవే ఆరు అక్షరాలతో రాస్తారు. తెలుగులో భకారం, తమిళంలో వేరే అక్షరం, ఇంగ్లీషులో ఒకటే ముద్ద. ఎవరో ఒకరు పరాకున ఒక లంకెను అటునుండి ఇటు వేస్తే, మన చెరువు తమిళనాడుకు ప్రయాణమవుతుంది, బాట్లు ఆ తప్పును అన్ని భాషలకూ పంచిపెడతాయి. ఇటువంటి చిక్కుముళ్ళను విప్పడమే వ్రతంగా పెట్టుకున్న వాడుకరులు ఆనాడు ఉండేవారు. రెండు ఊళ్ళనూ, రెండు భాషలనూ ఎరిగినవాడు మాత్రమే చేయగలిగిన పని అది.

2012 అక్టోబరు 29న వికీడేటా ప్రారంభమయ్యాక ఈ తొంభై లంకెల చాకిరీ తప్పింది. ప్రతి విషయానికి ఒక సంఖ్య ఇచ్చి, అన్ని భాషల పుటలనూ ఆ సంఖ్య కింద ఒకచోట కట్టివేశారు. పది పుటలకు పది లంకెలు చాలు. 2013 జనవరి 14న హంగేరియన్ వికీపీడియా మొదట ఈ పద్ధతికి మారింది. ఆ ఏడు మార్చి 6 నాటికి తెలుగుతో సహా మిగిలిన వికీపీడియాలన్నింటికీ అది అందుబాటులోకి వచ్చింది. సంఖ్యకు భాష లేదు, దీర్ఘం లేదు, ఒత్తు లేదు. బేస్తకూ బెస్తకూ తగవు లేదు. రెండు కంభాలకు రెండు సంఖ్యలు, ఇక కలిసిపోయే భయం తక్కువ. మా ప్రాంతం 1970 ఫిబ్రవరి 2న కర్నూలు జిల్లానుండి విడిపోయి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసింది. 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. జిల్లా గీతలు ఎటు కదిలినా, పేరు ఏది మారినా, ఊరి సంఖ్య మారదు. జిల్లా ఏదో ఒకచోట దిద్దితే, ఆ సమాచారాన్ని వాడుకొనే మూసలున్న పుటలన్నింటా దిద్దినట్లే.

అయినా ఒక లోపం మిగిలింది. అది పైకి కనిపించని లోపం. ఒకే వికీలో, లేని పుటకు లంకె వేస్తే అది ఎర్రగా కనిపిస్తుంది. 'ఇక్కడ ఎవరూ లేరు, నువ్వైనా రాయి' అని పిలుస్తున్నట్లు ఉంటుంది. పక్క వికీకి వేసిన లంకె అలా కాదు. అక్కడ పుట ఉన్నా, తీసేసినా, అసలు పుట్టకపోయినా దాని రంగు మారదు. అలాగే 'ఇక్కడికి లింకున్న పేజీలు' అని ఒక మీట ఉంటుంది. అది ఆ వికీ లోపలి పుటలనే చూపుతుంది. పొరుగు వికీనుండి ఎందరు నన్ను చూపుతున్నారో నాకు తెలియదు. నేను ఇల్లు మారితే ఎవరికి కబురు పెట్టాలో తెలియదు. అంటే ప్రాజెక్టుల నడుమ లంకె ఒంటిదారి. వేసినవాడికే దాని ఉనికి తెలుసు.

ఈ ఒంటిదారి వల్ల కలిగే నష్టం నాకు దోషాల చిట్టాల దగ్గర బాగా తెలిసి వచ్చింది. 2008లో అనుకుంటాను, మా ఊరి పుటలో 'గుండ్లకమ్మ' అని రాశాను. నా కంప్యూటరులో ల ఒత్తు డ కింద కుదురుగా కూర్చోకుండా పక్కకు జారి, నది పేరు విరిగిపోయి కనబడింది. తెలుగు వికీపీడియా రచ్చబండలో ఫిర్యాదు చేశాను. అనుభవజ్ఞుడొకాయన ఓపికగా సమాధానమిచ్చారు: "అండీ, ఇది వికీ దోషం కాదు. మీ ఖతి దోషం కావచ్చు, అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేరుది కావచ్చు, విహారిణిది కావచ్చు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోట చిట్టా ఉంది, అక్కడ రాయండి." ఆ చిట్టాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒకచోట రాస్తే 'మాది కాదు, పైవారిది' అన్నారు. పైవారిని అడిగితే 'కిందివారిది' అన్నారు. మండలాఫీసులో అర్జీ ఒక బల్లమీదనుండి మరొక బల్లకు తిరిగినట్లు తిరిగింది. చివరికి ఒక ఏడాది తరువాత ఏదో నవీకరణతో ఒత్తు తన చోటికి వచ్చింది. ఎవరు బాగుచేశారో నాకు తెలియదు. రచ్చబండలో నా ఫిర్యాదు మాత్రం జవాబు లేకుండా పాత పుటల్లో అలాగే ఉండిపోయింది. దోషం పోయింది, పోయిందన్న కబురు తిరిగి రాలేదు. దాన్ని చదివి, ఇంకా చిక్కు తీరలేదనుకొని తెలుగులో రాయడం మానుకున్నవారు ఎవరైనా ఉన్నారేమో.

ఈ చిక్కును పెద్ద ప్రాజెక్టులవారు గుర్తించకపోలేదు. డెబియన్‌వారు 1990లలోనే తమ చిట్టాలో, ఈ దోషాన్ని మూలకర్తలకు 'పంపించాము' అని, ఎక్కడికి పంపారో ఆ చిరునామా రాసుకొనే వీలు కల్పించుకున్నారు. కెనానికల్ సంస్థవారి లాంచ్‌ప్యాడ్ మరొక అడుగు ముందుకు వేసి, పొరుగు చిట్టాలోని దోషం స్థితిని తానే పోయి చూసివచ్చి తన పుటలో చూపించేది. 1998లో మొజిల్లావారితో మొదలైన బగ్‌జిల్లా 2009లో 'ఇదికూడా చూడండి' అన్న గడిని చేర్చింది. పక్క చిట్టాలోని దోషపు చిరునామాను అందులో రాయవచ్చు. గిట్‌హబ్ వంటి చోట్ల, ఒక ప్రాజెక్టులో మరొక ప్రాజెక్టు దోషాన్ని ప్రస్తావించగానే, ఆ రెండవ చోట కూడా 'మిమ్మల్ని ఫలానావారు ప్రస్తావించారు' అన్న పంక్తి దానంతట అదే పడుతుంది. లంకెబిందెల కథలో చెప్పినట్లు, ఒకదానిని లాగితే రెండవది కదలడం ఇదే. కాని రెండు బిందెలూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడే ఇది సాధ్యం.

వేరే ఇల్లు, పైగా తాళం వేసిన ఇల్లు అయితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఐఫోనుకు తెలుగు 'జ్ఞా' గుణింతం ఒక ప్రత్యేక రూపంలో, అంటే మధ్యలో వెడల్పులేని విడదీత గుర్తు చేరిన రూపంలో, అందితే చాలు, దానిని చూపబోయిన అప్లికేషను కుప్పకూలేది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని పత్రికలవారు సంబరంగా రాశారు. తెలుగు అక్షరమేదో శాపగ్రస్తమైనదన్నట్లు కొందరు మాట్లాడారు. ఆపిల్ సంస్థవారి దోషాల చిట్టా బయటివారికి కనపడదు. పంపినవాడికి తన ఫిర్యాదు తప్ప ఇతరులవి చూసే వీలు లేదు. అందుకని డెవలపర్లు తమ ఫిర్యాదుల నకళ్ళను ఓపెన్ రాడార్ అనే బయటి జాబితాలో స్వచ్ఛందంగా పెట్టుకొనేవారు. అసలు చిట్టాకు లంకె వేయలేనివాళ్ళు నకలు చిట్టాను కట్టుకున్నారన్నమాట. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్, ఆ దోషం తెలుగుకే పరిమితం కాదనీ, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని అక్షరాల కూర్పులకు కూడా వర్తిస్తుందనీ పరీక్షించి బహిరంగంగా రాశాడు. ఆ నెల 19న వచ్చిన 11.2.6 నవీకరణతో దోషం తొలగింది. లిపి తెలిసినవారు ఒకచోట, చిట్టా తాళంచెవులు మరొకచోట ఉన్నప్పుడు, నడుమ ఎవరో ఒకరు బహిరంగంగా మాట్లాడకపోతే నింద అక్షరంమీద పడుతుంది.

ఇక ఇల్లు మారినా లంకె తెగకుండా కాపాడుకున్న ఉదాహరణ ఒకటి చెప్పాలి. వికీమీడియావారు 2004నుండి తమ దోషాలను బగ్‌జిల్లాలో రాసుకొనేవారు. పదేళ్ళలో డెబ్బై వేలకు పైబడిన దోషాలు పోగయ్యాయి. వికీల చర్చాపేజీల్లో, రచ్చబండల్లో, ప్రోగ్రాముల వ్యాఖ్యల్లో 'ఫలానా సంఖ్య దోషం' అని లెక్కలేనన్ని చోట్ల ఉదహరించి ఉంది. 2014 నవంబరులో వారు ఫాబ్రికేటర్ అనే కొత్త చిట్టాకు తరలిపోయారు. కొత్త చిట్టాలో అప్పటికే కొన్ని అంశాలు చేరి ఉండడంతో పాత సంఖ్యలను యథాతథంగా ఉంచడం కుదరలేదు. వారు చేసిన పని ఇది: పాత సంఖ్యకు రెండు వేలు కలిపారు. పాత ఒకటవ దోషం కొత్తలో 2001 అయింది. పాత చిరునామాకు వెళ్ళినవారిని కొత్త చోటికి చేర్చే ఏర్పాటు చేశారు. ఇల్లు మారిన కుటుంబానికి పాత చిరునామామీద వచ్చిన ఉత్తరాన్ని, కొత్త ఇల్లు వెతికి ఇచ్చి వెళ్ళే పోస్ట్‌మాన్‌ను మా ఊళ్ళో ఎరుగుదును. ఈ రెండు వేల కూడిక అటువంటి మనిషి చేసిన పని. ఫాబ్రికేటర్‌ను తయారుచేసిన సంస్థ 2021లో దాని పోషణ మానుకున్నది. అయినా వికీమీడియావారి చిట్టా నిలిచే ఉంది, సంఖ్యలూ అలాగే ఉన్నాయి. పనిముట్టు పోయినా సంఖ్య పోకూడదన్న పట్టుదల దాని వెనుక ఉంది.

ఆ పట్టుదల లేని చోట ఏమవుతుంది? 2009 అక్టోబరులో జియోసిటీస్ మూతపడ్డప్పుడు లోకంలో ఎన్నో సొంత పుటలు చీకటిలో కలిశాయి. 2016లో గూగుల్ కోడ్ మూసివేసినప్పుడు మాత్రం ప్రాజెక్టులను భద్రపరచిన ఒక నకలు మిగిల్చారు. మూతపడడం తప్పదు. మిగిల్చి మూయడమా, మిగల్చకుండా మూయడమా అన్నదే ప్రశ్న.

అయ్యవారి పుటలకు చోటిచ్చిన ఉచిత గూడు రెండవ రకానికి చెందినది. పేరు చెప్పను, దానివంటివి ఎన్నో. ముందుగా ఉత్తరం పంపారేమో, నేను వాడడం మానుకున్న మెయిలుకు వచ్చి ఉంటుంది. 2012లో ఒకనాడు మా ఊరి పుటనుండి ఆ లంకె నొక్కితే ఏవో వ్యాపార ప్రకటనలు వచ్చాయి. లంకె రంగు మారలేదు. అది ఎర్రబడదని ముందే చెప్పాను కదా. ఎన్ని నెలలుగా అది ఉత్త సున్నాను చూపుతూ ఉందో! ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికాను. విషయసూచిక ఉన్న మొదటి పుట మాత్రం దొరికింది. 'దిగుడుబావులు', 'కరవు వలసలు', 'సంత', 'సత్రాలు' అని శీర్షికలు, వాటికింద లంకెలు. ఒక్కటీ పలకలేదు. నా పాత కంప్యూటరు హార్డుడిస్కు అప్పటికే చెడిపోయింది. నోటుపుస్తకాలు తిరిగి అడుగుదామంటే అయ్యవారు పోయి రెండేళ్ళయింది. ఇల్లు బాగుచేయించినప్పుడు పాత కాగితాలన్నీ తీసేశామని వారి అబ్బాయి ఎంతో నొచ్చుకుంటూ చెప్పాడు. నేను ఆయనను ఏమీ అనలేకపోయాను. కాగితాలు పోగొట్టింది ఆయన అయితే, 'కంప్యూటరులో భద్రంగా ఉన్నాయి' అని భరోసా ఇచ్చింది నేను.

ఆ తరువాత చాలాకాలం నాకు లంకెలమీద నమ్మకం పోయింది. తిరిగి కొంత కుదుటపడడానికి కారణం ఒక చర్చాపేజీ. 2007లోనే ఎవరో వాడుకరి మా ఊరి పేరు బేస్తనా, బెస్తనా అని అడిగారు. అప్పుడు నేను అయ్యవారి మొదటి నోటుపుస్తకంలో ఊరి పేరును గురించి, గురువారపు సంతను గురించి ఉన్న పేరాలు రెండు ఆయన అనుమతితో అక్కడ జవాబుగా దించాను. ఆ సంగతి నేనే మరిచిపోయాను. సంవత్సరాల తరువాత ఆ పుట దిద్దుబాటు చరిత్ర తిరగేస్తుంటే అవి కనిపించాయి. అక్షరం చెదరలేదు. నూరు పుటలకు పైగా ఉన్న రచనలో మిగిలింది ఆ రెండు పేరాలే. లంకె వేసినది పోయింది, దించి రాసినది మిగిలింది.

అప్పటినుండి నేను మూడు నియమాలు పాటిస్తున్నాను. ఒక గూటినుండి మరొక గూటికి లంకె వేసినప్పుడు, ఆ చివర ఉన్న విషయంలో ముఖ్యమైన నాలుగు మాటలైనా, అది రాసినవారి పేరుతో సహా, ఈ చివర రాస్తాను. అవతలి గూటివారికి ఎక్కడనుండి వారిని చూపుతున్నానో తెలియజేస్తాను. ఒకచోట అడిగిన ప్రశ్నకు మరొకచోట జవాబు దొరికితే, వెనక్కి వచ్చి మొదటి చోట ఆ సంగతి రాసిపెడతాను. రచ్చబండ పాత పుటల్లోని నా గుండ్లకమ్మ ఫిర్యాదు కింద కూడా, పదేళ్ళు ఆలస్యంగానైనా, ఒత్తు సరిపడిందని ఒక పంక్తి రాశాను. పాత చర్చలను మార్చకూడదని ఎవరో సున్నితంగా మందలించారు. ఆ మందలింపును సంతోషంగానే స్వీకరించాను.

లంకెబిందెల కథలో పెద్దలు ఒక మాట చెప్పేవారు కారు. గొలుసు ఎంత గట్టిదైనా, రెండవ బిందెకు అడుగు ఊడిపోయి ఉంటే పైకి వచ్చేది ఉత్త మట్టి. గొలుసులు చేయడం మనం బాగా నేర్చుకున్నాం. పొట్టి పేర్లు, పట్టీలు, సంఖ్యలు, దారిమార్పులు, అన్నీ ఉన్నాయి. ఆ చివర బిందె పదిలంగా ఉన్నదా అని అప్పుడప్పుడు పోయి చూసివచ్చే మనిషి కావాలి. మీ ఇంట్లో ఇటువంటి నోటుపుస్తకం ఏదైనా ఉంటే, దానిని కంప్యూటరులోకి ఎక్కించండి, తప్పకుండా ఎక్కించండి. ఎక్కించిన తరువాత కూడా ఆ పుస్తకాన్ని మాత్రం పారవేయకండి.